ఉప్పుగాలి ఊళ్ళో పాత స్టేషన్ వ్యాగన్: ఏది కొనాలి, ఏది ఉంచుకోవాలి, ఏది వదిలేయాలి

2016 వేసవిలో ఒక ఆదివారం విశాఖలో మా టాటా ఎస్టేట్ (డిక్కీ బదులు కప్పు వెనకదాకా సాగే స్టేషన్ వ్యాగన్) వెనక సీటు తీసి కార్పెట్ ఎత్తితే కింద పార్కింగ్ గచ్చు కనిపించింది. అరచెయ్యి పట్టేంత కన్నం. ఆ రోజు పొద్దున్న కూడా తాళం తిప్పగానే ఇంజన్ ఒక్కసారికే స్టార్టయింది. నాన్నగారు స్టీల్ ప్లాంట్‌లో పనిచేసే రోజుల్లో, 1996లో కొన్న బండి అది. ఇరవై ఏళ్ళలో ఆయిల్ ఎన్నిసార్లు మార్చామో, క్లచ్ ప్లేటు ఎప్పుడు వేయించామో అన్నీ ఒక డైరీలో రాసి ఉన్నాయి. కార్పెట్ ఎత్తి చూసినట్టు మాత్రం ఎక్కడా లేదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపానులో వెనక పక్క అద్దం పగిలి, వాన నీళ్ళు లోపలికి కొట్టాయి. కార్పెట్ పైన నాలుగు రోజుల్లో ఆరిపోయింది. కింద ఉన్న ఫెల్ట్, అంటే మందపాటి మెత్తటి గుడ్డ, ఆరలేదు. రెండేళ్ళపాటు ఆ తడి మెల్లగా రేకుని తినేసింది.

అప్పటినుంచి పాత బండి గురించి ఎవరు సలహా అడిగినా నేను ఇంజన్‌తో మొదలుపెట్టను. ఇంజన్ పోతే విప్పి బిగించే వాళ్ళు గాజువాక ఆటోనగర్‌లో ఉన్నారు. గేర్ బాక్స్ పోతే ఇంకోటి దొరుకుతుంది. ఫ్లోరు, తలుపుల కింద ఉండే సిల్లు, సస్పెన్షన్ బిగించే చోట రేకు తుప్పు తినేస్తే ఆ బండిని నిలబెట్టడం చాలా కష్టం. విశాఖలో పాత బండి ఆయుష్షు రేకులో ఉంటుంది.

మధురవాడలో ఉండే మా బావ ఈమధ్య ఇదే ప్రశ్న వేశాడు. పిల్లలు, అత్తయ్య, సామాను అందరూ ఒకే బండిలో శ్రీకాకుళం వెళ్ళి రావాలి, బండి కనీసం పదేళ్ళు ఉండాలి, కొత్త ఎస్‌యూవీకి పెట్టే డబ్బు లేదు. పాత వ్యాగన్లలో టాటా ఎస్టేట్ మంచిదా, టాటావాళ్ళదే ఇండిగో మెరీనానా, మారుతి బలెనో ఆల్టూరానా అని అడిగాడు. అతనికి చెప్పిందే కొంచెం వివరంగా ఇక్కడ రాస్తున్నాను.

అసలు వ్యాగన్ ఎందుకు అనే వాళ్ళకి ఒక్క మాట. వెనక సీటు మడిస్తే బియ్యం బస్తాలు, మామిడి పళ్ళ బుట్టలు, పెళ్ళి సామాను అన్నీ లోపలే పడతాయి. అమ్మమ్మకి నడుము పట్టేసి కూర్చోలేకపోయినప్పుడు, వెనక పరుపు వేసి పడుకోబెట్టి కేజీహెచ్ ఆసుపత్రికి తీసుకెళ్ళాం. సీటు ఎస్‌యూవీ కంటే తక్కువ ఎత్తులో ఉంటుంది కాబట్టి మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళు ఒకరి సాయం లేకుండా ఎక్కి దిగగలరు. ఈ సుఖానికి అలవాటుపడ్డ ఇల్లు మళ్ళీ డిక్కీ కారు వైపు చూడదు.

బండి కంటే ముందు పార్కింగ్

బండి ఏదైనా, అది రాత్రిళ్ళు ఎక్కడ ఉంటుందో ముందు తేల్చుకోండి. లాసన్స్ బే కాలనీ, పాండురంగపురం, కిర్లంపూడి లేఅవుట్ లాంటి చోట్ల సముద్రం మీంచి వచ్చే గాలిలో ఉప్పు తుంపర ఉంటుంది. ఉప్పు గాలిలోని తేమని లాక్కుంటుంది. వాన పడకపోయినా, రాత్రంతా రేకు మీద కంటికి కనిపించని తడి పొర ఉంటుంది, తుప్పుకి అది చాలు. అదే బండి గోపాలపట్నంలోనో పెందుర్తిలోనో ఉంటే మధ్యలో కొండలు, దూరం కాపాడతాయి. జ్ఞానాపురం, మల్కాపురం వైపు ఇబ్బంది ఇంకోలా ఉంటుంది. పోర్టు వైపు నుంచి వచ్చే నల్ల దుమ్ము తలుపుల అడుగున నీళ్ళు పోవడానికి ఉండే చిన్న కన్నాలని మూసేస్తుంది. తలుపులోకి దిగిన వాన నీళ్ళు అక్కడే నిలిచి, తలుపు లోపలినుంచి కుళ్ళుతుంది. ఆ కన్నాలని నెలకోసారి చీపురుపుల్లతో పొడవాలి. రెండు నిమిషాల పని.

ఎండకీ వానకీ బయటే ఉంచి ప్లాస్టిక్ కవర్ కప్పడం అన్నిటికంటే చెడ్డ పద్ధతి. లోపలి తేమ బయటికి పోదు. పైన కప్పు ఉండి, పక్కల గాలి ఆడే అపార్ట్‌మెంట్ సెల్లారు మంచిది, దుమ్ము కోసం నూలు గుడ్డ కవర్ చాలు. సముద్రం కనిపించేంత దగ్గర్లో ఇల్లుండి, పైన కప్పు లేకపోతే పాతికేళ్ళ వ్యాగన్ కొనొద్దని నేను గట్టిగా చెబుతాను. ఎంత ప్రేమ ఉన్నా దాన్ని నిలబెట్టలేరు.

టాటా ఎస్టేట్

1992లో వచ్చింది. అప్పటికి మన దేశంలో పవర్ విండోలు, ఇంత పెద్ద సామాను జాగా కలిసి ఉన్న కుటుంబ కారు అరుదు. దీనికి పునాది టాటామొబైల్ పికప్. టాటా సియెరా కారు పుట్టింది కూడా ఆ పికప్ మీదే. అందుకే దీనికి లారీకి ఉన్నట్టు అడుగున విడిగా ఛాసిస్ (ఇనుప చట్రం) ఉంటుంది, ఇంజన్ వెనక చక్రాలని తిప్పుతుంది, వెనక లీఫ్ స్ప్రింగులు (పట్టీల స్ప్రింగులు) ఉంటాయి. ఇంజన్ 1948 సీసీ డీజిల్, టర్బో లేనిది, సుమారు 68 హార్స్ పవర్. ఆఖరి రోజుల్లో టర్బో కూడా వచ్చింది.

ఉప్పుగాలి ఊరికి ఈ ఛాసిస్ పెద్ద వరం. మందమైన ఇనుము కాబట్టి చివరిగా పోతుంది. మా బండికి ఫ్లోరు పోయినా ఛాసిస్ గట్టిగా ఉంది కాబట్టే తిరిగి కట్టించుకోగలిగాం. ఛాసిస్ లేని బండ్లలో ఫ్లోరే ఎముకలగూడు, అది పోతే బండి వంగిపోతుంది. ఇంజన్‌లో కంప్యూటర్ లేదు, డీజిల్ పంపు అంతా మెకానికల్. స్టార్టయ్యేముందు ఇంజన్‌ని వేడిచేసే గ్లో ప్లగ్గులు, ఫిల్టర్, పంపు సీళ్ళు, ఈ మూడిటి మీద కన్నుంటే చాలు. సీళ్ళు వయసుకి గట్టిపడి కారతాయి, ఒకసారి కొత్తవి వేయిస్తే మళ్ళీ చాలా ఏళ్ళు చూడక్కర్లేదు. ఇంజన్, గేర్లు, బ్రేకుల సామాన్లు పికప్‌లతో కలుస్తాయి కాబట్టి వెతికితే దొరుకుతాయి.

దొరకనివి వేరే ఉన్నాయి. వెనక డోరు అద్దం, వెనక పక్క అద్దాలు, వాటి రబ్బర్లు, టెయిల్ ల్యాంపులు, డ్యాష్‌బోర్డు ప్లాస్టిక్. ఇవి ఎస్టేట్‌కి మాత్రమే ఉన్నవి. హుద్‌హుద్‌లో పగిలిన పక్క అద్దం కోసం మేం నాలుగు నెలలు తిరిగాం. అంతకాలం అక్కడ పాలిథిన్ కాగితం అంటించి ఉంచాం, కార్పెట్ కిందికి ఇంకాస్త తడి దిగడానికి అది కూడా కారణమే. అందుకే ఎస్టేట్ పెట్టుకునే వాళ్ళకి నా మొదటి సలహా: తుక్కుకి పోతున్న ఇంకో ఎస్టేట్ కనిపిస్తే అద్దాలు, దీపాలు, తాళాలు విప్పించి ఇంట్లో దాచుకోండి. ఈ బండిని మరో పదేళ్ళు నడిపించేది ఆ అటక మీది సామానే.

నడకలో బరువు తెలుస్తుంది. అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడు ఏసీ ఆపితేనే మూడో గేరు నిలుస్తుంది. దిగేటప్పుడు రెండో గేరులో ఉంచి ఇంజన్‌తోనే వేగం ఆపుకోవాలి, బ్రేకు మీద కాలు పెట్టి కూర్చుంటే అవి వేడెక్కిపోతాయి. ఎయిర్ బ్యాగులు లేవు, గట్టిగా బ్రేకు తొక్కితే చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ లేదు. చిన్నపిల్లలతో రోజూ నేషనల్ హైవే 16 మీద ప్రయాణం చేసే ఇంటికి నేను ఎస్టేట్ చెప్పను.

ఇండిగో మెరీనా

2004లో వచ్చింది. ఇండికా, ఇండిగోల కుటుంబమే కాబట్టి ముందు భాగం, తలుపులు, 1.4 లీటర్ ఇంజన్, క్లచ్, సస్పెన్షన్ బుష్షులు అన్నీ వాటితో కలుస్తాయి. మన రోడ్ల మీద ఇండికా టాక్సీలు ఎన్ని తిరిగాయో గుర్తు తెచ్చుకోండి. దాన్ని కళ్ళు మూసుకుని విప్పగల మెకానిక్ ప్రతి పేటలోనూ ఉంటాడు. ఇండికా తయారీ 2018 దాకా సాగింది కాబట్టి సామాన్లు ఇంకా కొన్నేళ్ళు సులభంగానే దొరుకుతాయి. మెరీనాకి మాత్రమే ఉన్నవి వెనక డోరు, వెనక పక్క అద్దాలు, టెయిల్ ల్యాంపులు. వీటి విషయంలో ఎస్టేట్‌కి చెప్పిందే దీనికీ చెల్లుతుంది.

ఎస్టేట్‌తో పోలిస్తే ఇది మామూలు కారులాగే నడుస్తుంది. స్టీరింగ్ తేలిక, వెనక సీటులో కుదుపు తక్కువ, సిరిపురం, మద్దిలపాలెం ట్రాఫిక్‌లో ఇంటి ఆడవాళ్ళు కూడా ఇబ్బంది లేకుండా తిప్పుతారు. దీని ఇంజన్‌కి వాల్వులని వేళకి తెరిచి మూయించే టైమింగ్ బెల్ట్ ఉంది. అది తెగితే వాల్వులు వంగి ఇంజన్ పని పెద్దదవుతుంది. అమ్మేవాళ్ళు బెల్ట్ ఎప్పుడు మార్చారో బిల్లు చూపించలేకపోతే, మార్చలేదనే అనుకుని కొన్న వారంలోనే కొత్తది వేయించండి.

దీని బలహీనత రేకు. విడి ఛాసిస్ లేదు, బాడీయే అన్నీ మోయాలి. సిల్లులు, వెనక చక్రాల పైన వంపు, స్టెప్నీ పెట్టే గుంట, ఈ మూడు చోట్ల మన ఊరి మెరీనాలు బాగా తింటాయి. స్టెప్నీ గుంట సంగతి చివర్లో చెబుతాను.

బావకి నేను మెరీనాయే చెప్పాను, కానీ విశాఖ బండి వద్దన్నాను. అనంతపురం, కర్నూలు, హైదరాబాద్ లాంటి పొడి ఊళ్ళలో తిరిగిన బండి వెతకమన్నాను. ఇంజన్ అలిసిపోయిన అనంతపురం బండికీ, ఇంజన్ కొత్తగా చేయించిన భీమిలి బండికీ ఒకటే ధర అంటే, నేను కళ్ళు మూసుకుని అనంతపురం బండి తీసుకుంటాను. ఇంజన్ పని వారం, రేకు పనికి అంతు ఉండదు. తెలంగాణ బండి అయితే అక్కడి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే కాగితం) తెచ్చుకుని ఇక్కడ మళ్ళీ రిజిస్ట్రేషన్ చేయించి, లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఆ ఖర్చు ధరలో కలిపి చూసుకోండి. ఢిల్లీ చుట్టుపక్కల పదేళ్ళు దాటిన డీజిల్ బండ్ల మీద ఆంక్షలున్నాయి కాబట్టి అక్కడ చవగ్గా వస్తాయని చాలామంది చెబుతారు. అంత దూరం వెళ్ళి, స్వయంగా కిందకి దూరి చూడగలిగితేనే అటు చూడండి. ఫోటోల్లో తుప్పు కనబడదు.

బలెనో ఆల్టూరా

నడపడంలో ఆనందం కావాలంటే ఈ మూడిట్లో ఇదే. 1.6 లీటర్ పెట్రోల్ ఇంజన్ మెత్తగా, చురుగ్గా ఉంటుంది. బలెనో సెడాన్ 2007తో ఆగిపోయింది. ఇప్పుడు అదే పేరుతో అమ్ముతున్న చిన్న బలెనోకీ దీనికీ సంబంధం లేదు, షాపుల్లో సామాను అడిగేటప్పుడు ఈ పేరు గందరగోళం ఎప్పుడూ ఉంటుంది. ఇంజన్ సామాన్లు ఓపిగ్గా వెతికితే దొరుకుతాయి, ఆల్టూరాకి మాత్రమే ఉన్న వెనక భాగాలు కష్టం. దీనికీ టైమింగ్ బెల్టే.

పెట్రోల్ బండికి ఇప్పుడు ఇంకో విషయం వచ్చింది. బంకుల్లో దొరికే పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్ నీటిని తనలోకి లాక్కుంటుంది, పాతకాలం రబ్బరు పైపుల్ని మెత్తబరుస్తుంది. మన ఊరి తేమలో బండిని రెండు నెలలు కదపకుండా ఉంచితే ట్యాంకులో తేమ చేరుతుంది. కాబట్టి పాత పెట్రోల్ వ్యాగన్ కొంటే ట్యాంకు నుంచి ఇంజన్ దాకా ఉన్న ఫ్యూయల్ పైపులన్నీ ఇథనాల్‌కి తట్టుకునే రకంతో మార్పించండి, పోసిన పెట్రోల్ మూడు నాలుగు వారాల్లో ఖర్చయ్యేలా నడపండి. పైపు మెత్తబడి కారితే వేడి ఇంజన్ మీద పెట్రోల్ పడుతుంది, దీన్ని వాయిదా వెయ్యొద్దు. డీజిల్ ఎస్టేట్‌కి ఈ టెన్షన్ లేదు. దాని ట్యాంకు నిండుగా ఉంచి, ఫిల్టర్ అడుగున చేరిన నీళ్ళని అప్పుడప్పుడూ వదిలేస్తే సరిపోతుంది.

రోజూ నడిపే ఒక్కరి కోసం, పెట్రోల్ ఖర్చుకి వెనకాడని ఇంటికి ఆల్టూరా మంచి బండి. ఇంటిల్లిపాదికీ ఒకే బండి అయితే వద్దు.

స్కోడా ఆక్టేవియా కాంబి కూడా కొందరి దగ్గర ఉంది. దాని రేకుకి జింకు పూత ఉంటుంది కాబట్టి ఉప్పుగాలిని మిగతావాటికంటే బాగా తట్టుకుంటుంది, 1.9 లీటర్ డీజిల్ ఇంజన్ గట్టిది. ఎలక్ట్రికల్ సామాన్లకీ, తెలిసిన మెకానిక్‌కీ పెట్టాల్సిన ఖర్చు మాత్రం వేరే లెక్క. ఇంట్లో ఇంకో కారు ఉన్నవాళ్ళే తీసుకోండి.

ఇంట్లో ఇప్పటికే ఉన్నవాళ్ళకి

నాన్నగారిదో తాతగారిదో బండి చేతికొచ్చిన వాళ్ళు సాధారణంగా మధ్యేమార్గం పడతారు: అమ్మరు, వాడరు. సెల్లారులో ఒక మూల పెట్టి, నెలకోసారి ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేస్తారు. ఇది బండికి మేలు చేయదు. ఐదు నిమిషాల్లో ఇంజన్ పూర్తిగా వేడెక్కదు, సైలెన్సర్‌లో చేరిన నీరు ఆవిరవదు, బ్రేకు డ్రమ్ములు అలాగే తుప్పు పట్టి అతుక్కుంటాయి. వారానికోసారి కనీసం అరగంట నడపండి. మేం ఆదివారం పొద్దున్న హనుమంతవాక నుంచి ఆనందపురం దాకా వెళ్ళి వస్తాం. బీచ్ రోడ్డు మీద భీమిలి వెళ్ళాలనే ఉంటుంది, వెళ్తాం కూడా. కానీ ఆ రోజు ఇంటికి రాగానే బండి అడుగున, చక్రాల వంపుల్లో మంచినీళ్ళతో పైపు పట్టి కడిగాకే లోపలికి వెళ్తాం.

తుప్పు పని చేయించేటప్పుడు ఏం చేయించాలో స్పష్టంగా చెప్పండి. మా బండికి మొదటిసారి ఒక షెడ్డులో కన్నం మీద రేకు ముక్క పెట్టి, పుట్టీ పట్టించి, పైన నల్లటి అండర్ కోటింగ్ కొట్టి ఇచ్చారు. చూడ్డానికి కొత్తదిలా ఉంది. ఒక వానాకాలం గడిచేసరికి ఆ కోటింగ్ ఉబ్బి, వేలితో నొక్కితే లోపలికి దిగింది. తుప్పు మీద తారు పూస్తే తడి లోపలే ఉండిపోతుంది. రెండోసారి వేరేచోట చేయించాం: కుళ్ళిన రేకుని మంచి రేకు తగిలేదాకా కోసేసి, కొత్త రేకు కట్ చేసి, గ్యాస్ వెల్డింగ్ కాకుండా సీఓటూ వెల్డింగ్ (కరెంటుతో అతికించేది) చేశారు. గ్యాస్ మంటకి చుట్టుపక్కల రేకు వంకర తిరుగుతుంది, వెనకవైపు పెయింట్ కాలిపోయి కొత్త తుప్పు మొదలవుతుంది. అతుకు రెండువైపులా జింక్ ప్రైమర్, ఆ తర్వాతే పెయింట్. సిల్లుల్లోకి, తలుపుల లోపలికి ప్రతి ఏడూ వానలకి ముందు మైనం కలిసిన నూనె కొట్టిస్తున్నాం. ఇన్నేళ్ళయినా ఆ ఫ్లోరు గట్టిగా ఉంది. ఖర్చు మా ఇంట్లో ఇద్దరి నెల జీతాల దాకా అయింది. మొదటిసారి ఇచ్చిన డబ్బు పూర్తిగా వృథా.

మరి వదిలేయాల్సింది ఎప్పుడు? ఎస్టేట్‌లో ఛాసిస్ మీద సుత్తితో తడితే గణగణ మనకుండా మొద్దుగా మోగినా, మెరీనా, ఆల్టూరాల్లో వెనక సస్పెన్షన్ బిగించే చోట రేకు పొరలు పొరలుగా లేస్తున్నా ఆ బండిలో మనుషుల్ని ఎక్కించొద్దు. రిజిస్టర్డ్ స్క్రాపింగ్ కేంద్రంలో ఇస్తే వాళ్ళిచ్చే సర్టిఫికెట్‌తో కొత్త సొంత కారు రోడ్ ట్యాక్స్‌లో 25 శాతం వరకు రాయితీ ఇవ్వడానికి కేంద్రం నిబంధనల్లో వీలుంది. ఇచ్చేముందు అద్దాలు, దీపాలు విప్పి ఇంకో ఎస్టేట్ ఉన్న ఇంటికి చేర్చండి.

కాగితాలు

సొంత కారుకి ఆర్‌సీ (రిజిస్ట్రేషన్ కాగితం) 15 ఏళ్ళు. ఆ తర్వాత ఫిట్‌నెస్ చూసి ఐదేసి ఏళ్ళకి పొడిగిస్తారు. ఈ పొడిగింపు ఫీజు 2022 ఏప్రిల్ 1 నుంచి 600 రూపాయల నుంచి 5,000 అయింది. 20 ఏళ్ళు దాటిన కార్లకి 2025 ఆగస్టులో దాన్ని 10,000 చేశారు. అంటే మా ఎస్టేట్‌కి ఏడాదికి 2,000 పడుతుంది, పాత బండ్ల మీద వేసే గ్రీన్ ట్యాక్స్ వేరే. గడువు దాటితే నెలకి 500 చొప్పున ఆలస్య రుసుము ఉంది కాబట్టి తేదీ ఫోన్‌లో పెట్టుకోండి. ఢిల్లీలో ఉన్న పదేళ్ళ డీజిల్ నిబంధన మనకి లేదు.

వింటేజ్‌గా రాయించుకుంటే ఫీజులు తగ్గుతాయా అని కొందరు అడుగుతారు. 2021 నిబంధనల ప్రకారం 50 ఏళ్ళు దాటి, అసలు రూపంలో ఉన్న బండే వింటేజ్. మొదటి ఎస్టేట్ కూడా 2042 దాకా ఆ లెక్కలోకి రాదు. పాత ఫియట్, అంబాసిడర్ ఎస్టేట్లు ఉన్నవాళ్ళకి పనికొస్తుంది. వాటికి వీఏ అక్షరాలున్న ప్రత్యేక నంబరు వస్తుంది, కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000, పదేళ్ళ తర్వాత మళ్ళీ 5,000. కానీ ఆ నంబరు తీసుకున్న బండిని రోజువారీ పనులకి తిప్పకూడదు. ప్రదర్శనలకి, ర్యాలీలకి, రిపేరుకి, పెట్రోల్ పోయించడానికి మాత్రమే. కూరగాయల బజారుకి తిప్పాలనుకుంటే మామూలు ఆర్‌సీయే ఉంచుకోండి.

చూడటానికి వెళ్ళేటప్పుడు

ఒక టార్చి, గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతం, పాత చాప తీసుకెళ్ళండి. అయస్కాంతం చక్రాల వంపుల మీద, తలుపుల అడుగున పెట్టి జరపండి. అంటుకోని చోట పుట్టీ ఉంది. చాప పరిచి కిందకి దూరి సిల్లులు చూడండి, కొత్తగా కొట్టిన నల్ల కోటింగ్ ఉంటే అక్కడ స్క్రూడ్రైవర్ వెనకవైపుతో తట్టండి. వ్యాగన్లకి ఉన్న ప్రత్యేకమైన జబ్బు వెనక డోరు పైన ఉండే నీటికాలువ. పొడుగు కప్పు మీది వాన నీళ్ళన్నీ అటే వస్తాయి, రబ్బరు పాతదైతే లోపలికి దిగి స్టెప్నీ గుంటలో చేరతాయి. అమ్మేవాళ్ళు పైన కార్పెట్ కొత్తది వేస్తారు గానీ గుంట దాకా వెళ్ళరు. స్టెప్నీ బయటికి తీయించి, గుంటలో చెయ్యి పెట్టి చూడండి. బావకి ఇంకొకటి కూడా చెప్పాను: బండిని ఎండలో, కడిగి తుడిచి పెట్టిన రోజు చూడొద్దు. రాత్రి గట్టి వాన పడిన మర్నాడు పొద్దున్నే, ముందుగా ఫోన్ చేయకుండా వెళ్ళు. నీళ్ళు ఎక్కడ చేరతాయో అవే చూపిస్తాయి.